దేవేంద్రప్ప మొలలోని చెకుముకి పిస్తోలు

చరిత్ర రాసేవాళ్లకు ఒక దురభ్యాసం ఉంది. ఏ రాజు ఏ ఏడు పట్టం కట్టుకున్నాడో, ఏ కోట ఏ నెలలో కూలిందో తేదీలతో సహా రాసి, అసలు సంగతులు వదిలేస్తారు. హాలదొడ్డి దేవేంద్రప్ప వక్కాకు సంచి ఎడమ మొల నుంచి కుడి మొలకు ఏ రోజున మారిందో ఏ గ్రంథంలోనూ దొరకదు. కర్నూలు జిల్లా పడమటి అంచున, తుంగభద్రకు రెండు కోసుల దూరంలో ఉన్న ఆ ఊళ్లో మాత్రం అది అందరికీ నోటికి వచ్చిన తేదీ. పంతొమ్మిది వందల నలభై ఎనిమిది, శ్రావణ మాసం, రెండో సోమవారం. పొద్దున గుడికి పోయేటప్పుడు సంచి ఎడమ పక్కన ఉంది. మధ్యాహ్నం రొట్టె తిని లేచేసరికి కుడి పక్కకు వచ్చింది. ముప్పై ఏళ్లుగా ఎడమ చేత్తో ఆకు తీసి కుడి చేత్తో సున్నం రాసిన మనిషి, ఆ రోజు నుంచి కుడి చేత్తో ఆకు తీసి ఎడమ చేత్తో సున్నం రాయడం నేర్చుకోవలసి వచ్చింది. దొరతనాలు మారినప్పుడు కూడా ప్రజలు ఇంత ఇబ్బంది పడి ఉండరు.

ఎడమ మొల ఖాళీ చేయడానికి కారణం, అందులోకి పిస్తోలు వచ్చి కూర్చోవడం.

అది చెకుముకి రాయి పిస్తోలు. మూరెడు పొడుగు, రెండు సేర్ల బరువు. గొట్టం మూతి దగ్గర ఇత్తడి కట్టు, పిడి చివర నిమ్మకాయంత బుడిపె. కర్నూలు నవాబు కోటను కుంఫిణీవాళ్లు పట్టుకున్నప్పుడు దాచిపెట్టిన ఆయుధాలు గుట్టలుగా బయటపడ్డాయనీ, వాటిలో ఒకటి దారి తప్పి బండిలో జొన్నల కింద పడుకుని హాలదొడ్డి చేరిందనీ దేవేంద్రప్ప ముత్తాత చెప్పేవాడట. నిజమెంతో పిస్తోలుకే తెలియాలి. నాలుగు తరాలుగా ఆ ఇంట్లో దానికి ఏటా ఒక్కటే పని. దసరా నాడు విభూతి పూయించుకుని, రెండు బంతిపూలు పెట్టించుకుని, మళ్లీ గూట్లోకి పోవడం. వాళ్లు లింగాయతులు. ఇంట్లో గుడ్డు కూడా ఉడకదు. వేట అనే మాట ఆ గడప తొక్కలేదు. పిస్తోలుకు సర్కారు వారి లైసెన్సు ఉంది. పేల్చడం తెలిసిన మనిషి మాత్రం ఇంట్లో ఒక్కడూ లేడు.

ఆ శ్రావణంలో నది అవతల నైజాములో గొడవలు ముదిరాయి. రజాకార్లు రేపో మాపో ఏరు దాటతారని పుకారు పుట్టింది. ఊరి పెద్దలు కూర్చుని, ఉన్న ఆయుధాలు లెక్క చూసుకున్నారు. బరిసెలు పదకొండు, గొడ్డళ్లు ఇంటికొకటి, పిస్తోలు ఒకటి. అందరి కళ్లూ ఒక్కసారిగా దేవేంద్రప్ప మీద వాలాయి. అంతమంది తనవైపు చూడడం అతని పెళ్లి తర్వాత అదే మొదలు.

మందు బిగించడం తెలిసినవాడు ఊళ్లో దస్తగిరి సాయిబు ఒక్కడేనని తేల్చారు. ఆయనకు ఎనభై దాటాయి. తన తాత నవాబు కోటలో కొలువు చేశాడని చెప్పుకునేవాడు. రజాకార్ల మీదికి పిస్తోలు బిగించి ఇమ్మని ఊరు ఊరంతా పోయి అడిగింది సాయిబునే. ఆయన బిగించాడు కూడా. అందులో వింత ఏమైనా ఉందని అప్పుడు ఎవరికీ తోచలేదు.

"మందు ఎన్ని పిడికిళ్లు ఎయ్యాల తాతా?" అని అడిగాడు దేవేంద్రప్ప, భక్తిగా.

"పిడికిలి ఏందిరా? సంగటి చేస్తాండామా ఏమన్నా?" అని సాయిబు కసిరాడు. మందు కొలిచి పోసి, గుండు వేసి, గుడ్డపీలిక కుక్కి, కడ్డీతో దట్టించి, చివరికి రెండు చేతులతో బిడ్డను అప్పగించినట్టు అప్పగించాడు. "సూడు బేటా. ఇది ఎద్దు గాదు, కాడి ఎత్తేది దించేది అనేకి. బిగించినాక తియ్యేది ఉండదు. కొట్టేదొక్కటే."

"కొట్టకపోతే తాతా?"

"కొట్టకపోతే అట్లనే కూచుంటాది. నీ మీద కోపంగా."

భాద్రపదంలో పటాలాలు పోయి ఐదు రోజుల్లో నైజాము సంగతి తేల్చేశాయి. ఆ రెండు నెలల్లో హాలదొడ్డి పొలిమేర దాటి వచ్చిన కొత్తవాడు ఒక్క బుడబుక్కలవాడే. వాడు పిస్తోలును చూసి డమరుకం అక్కడే పారేసి పోయాడు. చలికాలం రాకముందే దస్తగిరి సాయిబు కాలం చేశాడు. పురాణాల్లో అస్త్రం వేయడం తెలిసి ఉపసంహారం తెలియని వీరులు ఉన్నారు. రెండూ తెలియకుండా అస్త్రం చేతికి వచ్చిన వీరుడు మాత్రం దేవేంద్రప్ప ఒక్కడే అయి ఉంటాడు.

ఇక అవసరం లేదు కదా, మళ్లీ గూట్లో పెడదామని ఇంటికి పోతే భార్య భీమక్క గడపకు అడ్డం నిలబడింది.

"లోపలికి తేవద్దు. అటక మీద పెడితే ఎలకలు తోస్తాయి. గూట్లో పెడితే పిల్లోళ్లు తీస్తారు. పొయ్యి ఉండే కొంప."

"మరి యాడ పెట్టేది?"

"బిగించుకునేటప్పుడు నన్నడిగితివా? నీ మొలలోనే పెట్టుకో."

అట్లా అది మొలలోనే స్థిరపడింది. పొలానికి పిస్తోలు, సంతకు పిస్తోలు, చెంబు పట్టుకుని చెరువు గట్టుకు పోయినా పిస్తోలు. ఊరు దాన్ని వేరే విధంగా అర్థం చేసుకుంది. మొలలో ఆయుధం లేనిదే దేవేంద్రప్ప అడుగు తీసి అడుగు వేయడనీ, అంత పౌరుషం గల మనిషనీ పేరు పడింది. కాఫీ హోటల్లో మొదటి గ్లాసు అతనికే వచ్చేది. పంచాయితీలో ఎవరో ఒకరు జరిగి చోటు ఇచ్చేవారు, అయితే కొంచెం ఎక్కువగానే జరిగేవారు. నాలుగెకరాల నల్లరేగడి, రెండు ఎద్దులు తప్ప వేరే ఘనత లేని మనిషికి ఇదంతా కొత్త. నిజం చెప్పుకోవాలంటే మొదటి ఏడాది అతనికి అది బాగానే ఉండింది. అక్కడే పొరపాటు జరిగింది.

దేవేంద్రప్పకు లోకంలో ఉన్న సుఖం ఒక్కటే, సుందరంతో పులిజూదం. సుందరం రాతిపని చేసేవాడు. ఊరికి తూర్పున, క్రైస్తవుల పేటలో చర్చి పక్కన ఇల్లు. చర్చి అరుగు మీది బండలో పులిజూదం గళ్లు తనే ఉలితో చెక్కాడు. పులులకు మూడు పెంకులు, మేకలకు పదిహేను చింతగింజలు. లింగాయతుడు పులి పక్షం వహించడం బాగుండదని దేవేంద్రప్ప ఎప్పుడూ మేకలే తీసుకునేవాడు. ఊరివాడు పేటకు పోయి అరుగు మీద సమానంగా కూర్చోవడం గురించి మొదట్లో ఊరు గొణిగింది. తర్వాత ఊరికి వేరే పని వచ్చి మరిచిపోయింది. ఊరి వీధిలో ఎదురైతే సుందరం "ఏమయ్యా" అని పక్కకు తప్పుకునేవాడు. అరుగు ఎక్కాక మాత్రం "ఏమప్పా, ఇంకో మేక పాయె!" అని తొడ చరిచేవాడు. ఆ 'అప్పా' కోసమే దేవేంద్రప్ప ఎండలో అంత దూరం పోయేవాడేమో. ఆ సంగతి అతను అప్పుడు ఎరగడు.

పిస్తోలుతో అరుగు ఎక్కిన మొదటి రోజు, పక్క బావి దగ్గర నీళ్లు తోడుతున్న ఆడవాళ్లు బిందెలు సగం నింపుకునే వెళ్లిపోయారు. నాలుగో రోజుకు బావి దగ్గర ఎవరూ లేరు. వారం తిరిగేసరికి సంఘపెద్ద లేవి, సుందరాన్ని పక్కకు పిలిచి ఏదో చెప్పాడు. సుందరం వచ్చి కూర్చుని, ఒక పులిని జరపబోయి ఆగాడు.

"దేవేంద్రప్పా, ఒక మాట అడుగుతా. అది నాకు భయపడి తెస్తాండావా, నన్ను భయపెట్టేకి తెస్తాండావా?"

"రెండూ కాదప్పా. ఏం మాటలివి?"

"నాకు తెల్సు. నాకు తెలిస్తే సాలదు కదా. ఊరోళ్లు ఆయుధం పట్టుకోని పేటలోకి వచ్చింది మా తాత కాలంలో ఒకసారంట. అప్పుడొచ్చింది ఆటకు గాదు. ముసలోళ్లు మర్చిపోలేదు. ఇంట్లో పెట్టి రా. ఆట యాడికి పోతాది?"

దేవేంద్రప్ప చెప్పవలసింది చిన్న మాట. 'దీన్ని దించేది నాకు తెలియదు, ఇంట్లో పెట్టేకి భయంగా ఉండాది.' అంతే. అది చెబితే సుందరం పగలబడి నవ్వేవాడు. సాయంత్రానికి పేటంతా నవ్వేది. రేపటికి ఊరంతా నవ్వేది. ఎల్లుండి హోటల్లో మొదటి గ్లాసు ఇంకెవరికో పోయేది. ఆ గ్లాసు కళ్ల ముందు కనబడేసరికి అతని నోట్లోంచి వేరే మాట వచ్చింది.

"ఆయుధం మా తాతలది. దాన్ని వదిలిపెట్టి తిరిగేది మా వంశంలో లేదు."

ఆ మాట చెవిన పడేసరికి అతనికే వింతగా తోచింది. తన వంశంలో అసలు దాన్ని పట్టుకుని తిరిగినవాడే లేడు. సుందరం చింతగింజలన్నీ దోసిట్లోకి ఎత్తుకున్నాడు.

"సరే అయ్యా," అన్నాడు.

అరుగు మీద 'అయ్యా' అనడం అదే మొదటిసారి.

పిస్తోలును వదిలించుకోవడానికి దేవేంద్రప్ప ప్రయత్నం చేయలేదనడం అన్యాయం. మూడో ఏట, మిట్ట మధ్యాహ్నం, ఊరి బయట గుట్ట మీదికి పోయాడు. రేగుచెట్టు మొదటికి పిస్తోలు కట్టి, దానికి సన్నని దారం తగిలించి, ఇరవై బారల దూరంలో బండ చాటున పడుకుని లాగాలని ఉద్దేశం. అయితే హాలదొడ్డిలో రెండు పార్టీలు ఉన్నాయి. మీది వీధి, కింది వీధి. దేవేంద్రప్ప ఏ పార్టీ మనిషో ఎవరికీ తెలియదు కాబట్టి, ఎదుటి పార్టీ మనిషేనని ఇద్దరూ అనుకునేవారు. అతను గుట్ట ఎక్కడం కింది వీధి గొర్రెల కాపరి చూశాడు. దారం ముడి ఇంకా పడకముందే చిన్న ఈరన్న ముందు నడవగా పాతికమంది బరిసెలతో గుట్ట చుట్టేశారు. చిన్న ఈరన్న కింది వీధికి పెద్ద.

"ఎవుని కోసం కాసుకోనుండావు దేవేంద్రప్పా?"

"ఎవుని కోసమూ కాదప్పా. కడుపు బాగలేక వస్తి."

చిన్న ఈరన్న చెట్టు మొదలు చూశాడు. "దారం పిస్తోలుకు కట్టినావే. దానికి గూడా కడుపు బాగలేదా?"

పాతికమందీ నవ్వారు కానీ బరిసెలు దించలేదు. ఈ కబురు చేరి మీది వీధివాళ్లు కూడా బయలుదేరారు. ఊరు రెండుగా చీలి నెత్తురు చూసేదే. చివరికి దేవేంద్రప్ప మెడలోని లింగం అరచేతిలో పెట్టుకుని, హాలదొడ్డిలో గానీ ఇంకెక్కడ గానీ ఈ పిస్తోలును ఏనాటికీ పేల్చనని ప్రమాణం చేశాడు. ఊరు బతికింది. దేవేంద్రప్పకు ఉన్న ఒకే దారి మూసుకుపోయింది. తియ్యేది ఉండదన్నాడు సాయిబు. కొట్టేది ఉండదని ఇప్పుడు దేవుడికి మాట ఇచ్చాడు.

పోనీ ఏట్లో పారేద్దామంటే, ఏటేటా తాలూకా కచేరీలో చూపించి లైసెన్సు తిరగ రాయించుకోవాలి. అక్కడి గుమాస్తా దాన్ని ఎన్నడూ చేత్తో తాకలేదు. కలం వెనక వైపుతో కొంచెం జరిపి, "ఖాళీదేనా?" అనేవాడు. "ఖాళీదే సామీ," అనేవాడు దేవేంద్రప్ప. కచేరీలోకి బిగించిన ఆయుధం తేవడం నేరమని మొదటి ఏడే తెలిసింది. తెలిసే లోపల అబద్ధం చెప్పేసి ఉన్నాడు. ఆ తర్వాత లైసెన్సుతో పాటు అబద్ధాన్ని కూడా ఏటా తిరగ రాయించుకోవడం తప్పలేదు.

సుందరం రాతిపని కోసం బేతంచెర్ల పోయాడు. అక్కడ బండలు కోసేవాళ్లకు నిండా పని ఉందని పెళ్లాం జీవమ్మను కూడా తీసుకుపోయాడు. పోయే రోజు బండి ఊళ్లోంచే పోయింది. దేవేంద్రప్ప హోటల్ ముందు గ్లాసు పట్టుకుని నిలబడి ఉన్నాడు. "పోయొస్తానయ్యా," అన్నాడు సుందరం బండి మీంచి. మొదటి గ్లాసు ఆ రోజు అతనికి చేదుగా ఉంది. చక్కెర తక్కువైందని హోటలువాణ్ణి తిట్టాడు.

కర్నూలు రాజధాని అయింది. మూడేళ్లు ఉండి రాజధాని హైదరాబాదుకు పోయింది. ఆంధ్ర రాష్ట్రం ఆంధ్రప్రదేశ్ అయింది. పిస్తోలు మాత్రం దేవేంద్రప్ప ఎడమ మొలలోంచి కదల్లేదు.

యాభై ఏడు మార్గశిరంలో సుందరం తిరిగి వచ్చాడు. వచ్చాడనడం కంటే తెచ్చారనాలి. రాతి దుమ్ము ఊపిరితిత్తుల్లో పేరుకుందని డాక్టరు చెప్పాడట. వారం గడిచాక, దేవేంద్రప్ప జొన్న చేను దగ్గరకు జీవమ్మ వచ్చి గట్టు మీద నిలబడింది.

"అయ్యా, మా ఆయప్పకు లేవి మామతో ఆడేది సరిపోలేదంట. మేకలు సరిగ్గా ఆడేవాళ్లు లేరంటాండాడు. ఒక్కాట ఆడి పొమ్మన్నాడు."

దేవేంద్రప్ప చేతిలో కొడవలి అట్లాగే ఉండిపోయింది.

"నన్నేనా?"

"నిన్నే. అది లేకుండా రమ్మన్నాడు." జీవమ్మ అతని మొల వైపు చూడకుండానే అంది.

"రేపొస్తా."

"బిరీన రా అయ్యా. శానా పొద్దు లేదు."

ఆ క్షణంలో పిస్తోలు చేలో గట్టు కింద పెట్టి ఆమె వెంట పోయి ఉంటే సరిపోయేది. ఈ మాట తర్వాత దేవేంద్రప్ప తనకు తాను ఎన్నిసార్లు చెప్పుకున్నాడో లెక్క లేదు. కానీ తొమ్మిదేళ్ల భయం అంత తేలికగా గట్టు కింద పడుకోదు. కోత కూలీలు తిరిగే చేను. ఎవరి కాలన్నా తగిలితే? ఈసారి పని సక్రమంగా జరగాలనుకున్నాడు. సుందరం ముందు కూర్చునే వేళకు పిస్తోలు మొలలో కాదు, ఊళ్లోనే ఉండకూడదు. అటు నుంచి అటే, ఇంటికి కూడా చెప్పకుండా, ఆరు మైళ్ల దూరంలోని ఠాణాకు నడిచాడు.

హెడ్డు కానిస్టేబులు జాతర బందోబస్తుకు పోయాడు, పొద్దున్నే వస్తాడు అన్నారు. దేవేంద్రప్ప ఠాణా వసారాలో పడి ఉన్నాడు. హెడ్డు పేరు ఆనందం, కడప వైపు మనిషి. పొద్దున వచ్చి ఇంకా టోపీ తీయలేదు, దేవేంద్రప్ప పిస్తోలు బల్ల మీద పెట్టి, తొమ్మిదేళ్లుగా ఎవరికీ చెప్పని మాట చెప్పేశాడు.

"సామీ, దీంట్లో మందు ఉండాది."

"ఎప్పుడేసింది?"

"నలభై ఎనిమిదిలో."

ఆనందం వేళ్ల మీద లెక్కపెట్టుకున్నాడు. "తొమ్మిదేండ్లా! ఏంటికి తియ్యలేదు?"

"తియ్యేది ఉండదంట కద సామీ. కొట్టేదొక్కటేనంట."

"ఎవరు చెప్పినారు?"

"దస్తగిరి సాయిబు."

ఆనందం లేచాడు. టీ కోసం కాగుతున్న నీళ్లు చెంబుడు తెప్పించి, గొట్టంలోకి నింపాదిగా పోసి, పిస్తోలును గోడకు నిలబెట్టాడు. ఒక బీడీ ముట్టించాడు. అది సగం కాలేంతవరకు జాతరలో తప్పిపోయిన ఎద్దు గురించి మాట్లాడాడు. తర్వాత పిస్తోలు తలకిందులు చేసి గడప మీద రెండుసార్లు తట్టాడు. నల్లటి బురద కారింది. గుడ్డపీలిక జారింది. రేగ్గాయంత సీసపు గుండు దొర్లుకుంటూ పోయి బల్ల కాలు దగ్గర ఆగింది.

"కుందేళ్లు కొట్టేవాళ్లను ఎవర్నడిగినా చెప్తారు కదప్పా. మీ ఊళ్లో లేరా?"

"మా ఊళ్లో లేరు, పక్కూళ్లో నాలుగిండ్లు ఉండారు సామీ."

"మరి అడగలేదా?"

దేవేంద్రప్ప గుండు వైపే చూస్తున్నాడు.

"లేదు సామీ."

పిస్తోలు తనకు వద్దని, సర్కారుకే ఇచ్చేస్తానని చెప్పాడు. ఆనందం దాన్ని వెలుతురులో అటూ ఇటూ తిప్పి చూసి, రసీదు రాసి ఇచ్చాడు. దేవేంద్రప్ప దాన్ని చదవకుండానే మడిచి తలగుడ్డలో దోపుకుని, దాదాపు పరుగెత్తినట్టు నడిచాడు. రెండు సేర్ల బరువు పోయేసరికి నడక ఒక పక్కకు లాగుతోంది. దారి పొడుగునా ఏం చెప్పాలో కూడబలుక్కున్నాడు. ముందు దస్తగిరి సాయిబు మాట, తర్వాత చెంబుడు నీళ్లు, ఆ తర్వాత బీడీ. సుందరం ఎక్కడ నవ్వుతాడో కూడా తెలుసు, బీడీ దగ్గర. దగ్గు వస్తుందేమో, మెల్లగా చెప్పాలి అనుకున్నాడు.

పేట మొదట్లో మగవాళ్లు చేతుల మట్టి కడుక్కుంటున్నారు. సమాధుల దొడ్డి నుంచి అప్పుడే వచ్చారు. లేవి అతన్ని చూసి ఎదురు వచ్చాడు.

"నువ్వు రేపొస్తావంటే ఇనకుండా, నిన్న పొద్దు గూకే దాకా దోవ సూస్తాండె అయ్యా. అరుగు మీదికి మోసుకోని రమ్మని, గింజలన్నీ పేర్చి పెట్టించినాడు. తెల్లారేటప్పటికి పాయ."

దేవేంద్రప్ప చర్చి దాకా నడిచాడు. అరుగు ఎక్కి, తను ఎప్పుడూ కూర్చునే వైపు కూర్చున్నాడు. బావి దగ్గర ఆడవాళ్లు అతన్ని చూశారు, నీళ్లు తోడుకుంటూనే ఉన్నారు. జీవమ్మ గడపలోంచి ఒకసారి తల ఎత్తి చూసి, మళ్లీ దించుకుంది.

లేవి దగ్గరకు వచ్చి అడిగాడు. "అదేదయ్యా? యాడ పెట్టి వస్తివి?"

"ఠాణాలో ఇచ్చేస్తి లేవీ. ఇదో." తలగుడ్డలోంచి కాగితం తీసి ఇచ్చాడు. "నాకు కండ్లు ఆనడంలే. ఏం రాసినాడో సూడు."

లేవి కాగితం విప్పి, వెలుతురు వైపు పట్టుకుని, పైకి చదివాడు.

"పాత చెకుముకి పిస్తోలు ఒకటి, హాలదొడ్డి దేవేంద్రప్ప వద్ద స్వాధీనం చేసుకోవడమైనది. నిప్పు లోపలికి పోవు రంధ్రము తుప్పు పట్టి, చాలా ఏండ్ల క్రిందటనే పూర్తిగా మూసుకొని పోయినది. పేలదు."